డ్రాకెన్స్‌బర్గ్ కొండపూల పేర్లు విప్పి చదవడం ఎలా?

హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో పెళ్లి మండపాల కోసం జెర్బెరా, గ్లాడియోలస్ కట్టలు కట్టలుగా అమ్ముతారు. జెర్బెరాకు మూలమైన అడవి మొక్కల్లో ఒకటి దక్షిణాఫ్రికాలో బార్బర్టన్ ఊరి చుట్టూ ఉన్న కొండలది. గ్లాడియోలస్‌కు పుట్టినిళ్లైన అడవి జాతుల్లో చాలావాటి చిరునామా కూడా ఆ దేశమే. అంటే ఆ కొండల పూలు మనకు కొత్త కాదు, వాటి పేర్లే కొత్త. అక్కడికి వెళ్లి గడ్డిలో నిలబడ్డాక క్నిఫోఫియా, జాలుజాన్స్‌కియా, రోడోహైపాక్సిస్ అని గైడు చెబుతుంటే సగం మంది వినడం మానేస్తారు. మానొద్దు. ఆ పేర్లను విప్పే పద్ధతి ఒకటుంది, రెండు మూడు రోజులు కొండ మీద తిరిగితే చేతికి వచ్చేస్తుంది.

ముందు కొండ, నెల చూసుకోండి

దక్షిణాఫ్రికా తూర్పు వైపున్న డ్రాకెన్స్‌బర్గ్‌లో వానలు వేసవిలో పడతాయి. అక్కడి వేసవి అంటే మన చలికాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గడ్డి పచ్చగా ఉంటుంది, పూలు దానిలోనే ఉంటాయి. కేప్‌టౌన్ వైపు కథ వేరు. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, పూల సంబరం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. రెండూ ఒకే ప్రయాణంలో నిండుగా చూడాలనుకుంటే కుదరదు, ఒకటి ఎంచుకోండి.

మొదటిసారి వెళ్లేవారికి నేను సానీ కనుమ చెబుతాను. డర్బన్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు వెళితే కనుమ మొదలు దగ్గరకు చేరతారు. పైన లెసోతో దేశం. కనుమ కొస 2,876 మీటర్ల ఎత్తు. కింద ప్రోటియా చెట్లతో మొదలై, మధ్యలో తడి రాళ్ల సందుల్లో నీలి అగపాంథస్, పైన నేలకు అంటుకుపోయిన హెలిక్రైసమ్ దిండ్లు. ఎత్తు పెరిగేకొద్దీ పూలు మారడం ఒక్కరోజులో చూడొచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి తప్పనిసరి. పైకెళితే దేశం దాటినట్టే కాబట్టి పాస్‌పోర్టు కావాలి. మీ దక్షిణాఫ్రికా వీసా మళ్లీ లోపలికి రానిచ్చే రకమో కాదో బయల్దేరకముందే చూసుకోండి. నడక తెల్లవారుజామునే మొదలుపెట్టండి. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు, పిడుగులతో వాన రావడం అక్కడ మామూలు. గడ్డికొండ మీద అందరికన్నా ఎత్తుగా నిలబడి ఉన్నది మీరే అవుతారు.

కొండ ఎక్కలేని పెద్దవాళ్లు వెంట ఉంటే కేప్‌టౌన్‌లో టేబుల్ మౌంటెన్ వాలు మీదున్న కిర్‌స్టెన్‌బాష్ తోటకు వెళ్లండి. 1913లో మొదలైన ఆ తోటలో పెంచేవి ఆ దేశపు మొక్కలే, మొక్క పక్కనే పేరు పలక ఉంటుంది. పేర్లు చదవడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు.

పేరు అడగకముందు పువ్వును రాసుకోండి

పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, తడిస్తే పాడవని నోటుపుస్తకం, పెన్సిల్. ఇవి చాలు. పువ్వు కనబడగానే ఫోన్ తీయకండి. ముందు మోకాళ్ల మీద కూర్చుని నాలుగు సంగతులు రాయండి: అది ఎలాంటి చోట ఉంది (తడి, రాయి, గడ్డి, నీడ), ఆకు ఎలా ఉంది, పువ్వు ఏ వేళకు విచ్చుకుని ఉంది, వాసన ఉందా. పేరులోని అర్థం తర్వాత వీటిలోనే ఎక్కడో దొరుకుతుంది. ఆ తర్వాత ఫొటో తీసి ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే అక్కడి పూల ప్రేమికులు పేరు చెబుతారు. ఆ పేరును దక్షిణాఫ్రికా జాతీయ జీవవైవిధ్య సంస్థ నడిపే ప్లాంట్‌జెడ్ఆఫ్రికా వెబ్‌సైటులో సరిచూసుకోండి. చాలా మొక్కలకు పేరు పుట్టుపూర్వోత్తరాలు అందులో విడిగా రాసి ఉంటాయి.

లాటిన్ పేరును మన పేరులాగే చదవండి

ఇది మనకు కలిసొచ్చే విషయం. ఇంగ్లిషువాళ్లకు ఇంటిపేరు చివర వస్తుంది, మనకు ముందు వస్తుంది. లాటిన్ పేరూ అంతే. మొదటి మాట ఇంటిపేరు, రెండోది సొంత పేరు. ప్రోటియా రూపెల్లియే అన్నప్పుడు ప్రోటియా వారింట్లో రూపెల్లియే అనే అమ్మాయి అన్నమాట.

ఇంటిపేరులో సాధారణంగా రెండు రకాలుంటాయి. ఒకటి గ్రీకు మాటలతో పువ్వును వర్ణించేది. అగపే అంటే ప్రేమ, అంథోస్ అంటే పువ్వు, కలిపితే అగపాంథస్. హీలియోస్ సూర్యుడు, క్రూసోస్ బంగారం, కలిపితే హెలిక్రైసమ్. డైరామా అంటే గరాటు. సన్నటి తీగలాంటి కాడలు విల్లులా వంగి, వాటి కొసన గులాబీరంగు గరాటులు వేలాడుతూ చిన్న గాలికే ఊగుతాయి. ఇంగ్లిషువాళ్లు దాన్ని దేవదూత గాలపు కర్ర అన్నారు, ఆ పేరూ బాగుంది. యూకోమిస్ అంటే అందమైన జుట్టు. పూలకంకి నెత్తిన ఆకుల కుచ్చు ఉంటుంది, అనాసపండు మీద ఉన్నట్టే. మనవాళ్లు సీతమ్మవారి జడ అని పేరుపెట్టిన మనసూ, గ్రీకు మాట వెతికి యూకోమిస్ అన్న మనసూ ఒకటే. పువ్వులో జుట్టును చూశాయి.

రెండో రకం మనిషి పేరు. క్నిఫోఫియా అనేది జర్మనీలోని ఎర్‌ఫుర్ట్‌లో ప్రొఫెసరుగా పనిచేసిన క్నిఫోఫ్ అనే ఆయన పేరు. 18వ శతాబ్దపు మనిషి. నిప్పుల్లో కాల్చిన ఇనుప చువ్వలా ఎర్రగా పైకి లేచిన ఆ పూలకంకిని ఆ పేరు ఏమాత్రం వర్ణించదు. ఇలా మనిషి పేరు తగిలినప్పుడు పువ్వు వైపు కాకుండా చరిత్ర వైపు తిరగాలి.

సొంత పేరు తోకను పట్టుకోండి

రెండో మాట చివరి అక్షరాలు చూస్తే సగం పని అయిపోతుంది. చివర ‘ఎన్సిస్’ ఉంటే ఊరి పేరు. బనగానపల్లి మామిడి, గుంటూరు మిరప అన్నట్టు. ‘ఆయిడెస్’ ఉంటే ‘లాంటిది’ అని. దక్షిణాఫ్రికా జాతీయ పుష్పం ప్రోటియా సైనరాయిడెస్. సైనారా అంటే ఆర్టిచోక్ అనే కూరగాయ, దాని మొగ్గలాంటిది అని అర్థం. చివర ‘ఐ’ వస్తే చాలావరకు మగవాడి పేరు, ‘ఏ’ వస్తే ఆడమనిషి పేరు. నెరీన్ బౌడెనియై అనే గులాబీరంగు కొండపూవు కార్నిష్-బౌడెన్ అనే సర్వేయరుది. ఆయన ఆ దుంపలను ఇంగ్లండులో ఉన్న తల్లికి పంపాడు, అలా అది అక్కడి తోటల్లోకి చేరింది. ఇందాకటి రూపెల్లియే 1840లలో కేప్‌లో పూల బొమ్మలు వేసిన అరాబెల్లా రూపెల్ పేరు. ఆమె ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి భార్య.

మిగిలినవి మామూలు లాటిన్ విశేషణాలు. కాంపాన్యులేటస్ గంటలాంటిది, యూనిఫ్లోరా ఒంటిపువ్వుది, కాలెసెన్స్ కాండం ఉన్నది, పాలిఫిల్లా బోలెడు ఆకులది. లెసోతో కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని సుడి కలబంద పేరు అలోయీ పాలిఫిల్లా. ఆకులు ఐదు వరసలుగా సుడి తిరుగుతాయి, కొన్ని కుడికి, కొన్ని ఎడమకు. దాన్ని చూసినవాళ్లెవరికైనా ముందు గుర్తొచ్చేది సుడి. లాటిన్ పేరు పెట్టినవాళ్లు మాత్రం ఆకుల సంఖ్య దగ్గరే ఆగిపోయారు. స్థానికులు ఖరెత్సా అంటారు.

ఇక్కడ ఒక్క పేరు దగ్గర మనం కాస్త ఎక్కువసేపు ఆగాలి. తూర్పు వైపు అడవుల నీడలో, ఎంపుమలాంగా రాష్ట్రపు కొండల మీది తేమ అడవుల్లో కూడా, నారింజరంగు పూలతో క్లైవియా కనబడుతుంది. 1828లో లిండ్లీ అనే వృక్షశాస్త్రవేత్త షార్లెట్ క్లైవ్ పేరు మీద ఆ ఇంటిపేరు పెట్టాడు. ప్లాసీ యుద్ధపు రాబర్ట్ క్లైవ్‌కు ఆమె మనవరాలు. ఆమె తండ్రి ఎడ్వర్డ్ క్లైవ్ 1798 నుంచి 1803 వరకు మద్రాసు గవర్నరు. చిన్నపిల్లగా షార్లెట్ కూడా మద్రాసులో ఉంది. నిజాం కడప, అనంతపురం, బళ్లారి సీమలను కంపెనీకి ధారపోసిన 1800 సంవత్సరం సరిగ్గా ఆమె తండ్రి హయాంలోదే. దత్తమండలాల పేరు అప్పటినుంచే వచ్చింది. రాయలసీమ వాళ్లు క్లైవియా ముందు నిలబడితే వాళ్ల సొంత చరిత్ర కూడా ఆ పేరులో ఉందని గుర్తుంచుకోవాలి. అక్కడి స్థానిక భాషల్లో ఒకటైన జులూలో ఆ మొక్క పేరు ఉమాయిమే.

పేరును పువ్వు మీదే పరీక్షించండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. జనవరి నుంచి మార్చి మధ్యలో టేబుల్ మౌంటెన్ మీద ఊట కాలువల ఒడ్డున డిసా యూనిఫ్లోరా అనే ఎర్రటి ఆర్కిడ్ పూస్తుంది. పువ్వుకు పైన గొడుగు పట్టినట్టు ఒక రేక ముందుకు వంగి ఉంటుంది. దాని దగ్గరకు భూతద్దం తీసుకెళ్లండి, ముట్టుకోకుండా. లేత రంగు మీద ముదురు ఈనెలు అడ్డంగా, నిలువుగా అల్లుకుని అచ్చం చేపల వల కనిపిస్తుంది. స్వీడన్‌లో డిసా అనే రాణి కథ ఉంది. బట్టలు కట్టుకునీ రాకూడదు, కట్టుకోకుండానూ రాకూడదని రాజు షరతు పెడితే ఆమె వల చుట్టుకుని వచ్చిందట. మన తెనాలి రామకృష్ణుడి కథల్లో వచ్చే చిక్కు షరతు లాంటిదే. 1767లో ఈ పువ్వుకు పేరుపెట్టిన బెర్గియస్ స్వీడన్‌వాడు. ఆ వలను చూసే ఆ రాణి పేరు పెట్టాడని చెప్పుకుంటారు. అక్కడే కాసేపు కదలకుండా కూర్చుంటే ఎరుపుకే ఆకర్షితమయ్యే పెద్ద గోధుమరంగు సీతాకోకచిలుక ఒకటి రావచ్చు. డిసాను పరాగసంపర్కం చేసేది అదే.

రెండో పరీక్ష ఇంట్లో చేసుకునేది. క్రోకాస్మియా పేరులో క్రోకోస్ అంటే కుంకుమపువ్వు, ఓస్మే అంటే వాసన. తాజా పువ్వులో ఏ వాసనా తెలియదు. తోటలో పెంచిన మొక్క నుంచి రాలిన పూలను ఎండబెట్టి, గోరువెచ్చని నీళ్లలో వేసి గిన్నె మీద మూత పెట్టండి. కాసేపటికి మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడోది సాయంత్రం పని. జాలుజాన్స్‌కియా అనే పేరు 16వ శతాబ్దపు ప్రాగ్ నగర వైద్యుడిది, పువ్వు గురించి ఏమీ చెప్పదు. కానీ ఆ ఇంటిపేరున్న చాలా జాతులు పగలు ముడుచుకుని ఉంటాయి, రేకుల వెనక ముదురు ఎరుపు మాత్రమే కనిపిస్తుంది. చీకటి పడే వేళ విచ్చుకుంటే లోపల తెల్లగా ఉంటుంది, తియ్యటి వాసన లేస్తుంది. మన పెరట్లో చంద్రకాంత ఏ వేళకు పూస్తుందో మీకు తెలుసు కదా. దీనికి తెలుగు పేరు పెట్టే పని మనకు అప్పగించి ఉంటే ఆ వైద్యుడు గుర్తొచ్చేవాడా?

స్థానిక పేరును నోటితో నేర్చుకోండి

లాటిన్ పేరు రాసుకున్నాక గైడును మూడు అడగండి: జులూలో ఏమంటారు, సెసోతోలో (లెసోతో భాష) ఏమంటారు, ఆఫ్రికాన్స్‌లో (డచ్చి నుంచి పుట్టిన భాష) ఏమంటారు.

జులూలో నాలుక చప్పుళ్లు ఉంటాయని భయపడతారు. వాటిలో రెండు మనం రోజూ చేసేవే. ‘సి’ అక్షరంతో రాసేది, అయ్యో పాపం అంటూ మనం ‘ప్చ్’ అని చప్పరించే శబ్దం. క్నిఫోఫియాను జులూలో ఇకాకానే (icacane) అని రాస్తారు గానీ ఆ రెండు ‘కా’ల చోట ప్చ్, ప్చ్ అనాలి. ‘ఎక్స్’ అక్షరంతో రాసేది బుగ్గ పక్క నుంచి వచ్చే చప్పుడు, ఎద్దులను అదిలించేటప్పుడు చేసేది. ఖోసా అనే భాష పేరు మొదట్లో ఉన్నది అదే. ‘క్యూ’ మాత్రం కొత్త, సీసా బిరడా తీసినట్టు అంగిలి మీద నాలుకను టక్కున లాగాలి. ప్రోటియా జులూ పేరు ఇసిఖలబాలో ‘ఖ’ దగ్గర ఆ చప్పుడు వస్తుంది. ఒత్తక్షరాలు పలకడం తెలిసినవాళ్లకు మిగతా జులూ కష్టం కాదు.

ఈ పేర్లు మొక్కతో మనిషికున్న సంబంధాన్ని చెబుతాయి, అందుకే వీటికి నేను పెద్దపీట వేస్తాను. హెలిక్రైసమ్ జాతుల్లో కొన్నిటిని జులూ, ఖోసా ప్రజలు ఇంపేఫో అంటారు. ఎండిన కట్టలకు నిప్పంటించి ఆ పొగతో పితృదేవతలను పిలుస్తారు. మన సాంబ్రాణికి ఉన్న చోటు, అంతకంటే ఎక్కువే, దానికి వాళ్లింట్లో ఉంది. యూకోమిస్ జులూ పేరు ఉమాథుంగ. జులూలో థుంగ అంటే కుట్టడం. ఆ దుంపను విరిగిన ఎముకలు అతకడానికి వైద్యంలో వాడతారు. లాటిన్ పేరు జుట్టును చూసింది, జులూ పేరు నేలలోపలి దుంపను చూసింది. దుంప విషపూరితం కూడా, మీరు ప్రయోగాలు చేయకండి.

ఆఫ్రికాన్స్ పేర్లు రైతుల పేర్లు. ‘వి’ని ‘ఫ’లా, ‘డబ్ల్యూ’ని ‘వ’లా పలికితే చాలావరకు నడుస్తుంది. తెల్లటి అరమ్ లిల్లీ పేరు ఫర్క్‌ఊర్, అంటే పందిచెవి. హెలిక్రైసమ్ లాంటి ఎండినా వాడని పూలు సీవయార్కీ, ఏడేళ్లది అని. క్నిఫోఫియా ఫ్యూర్‌పెయిల్, నిప్పుబాణం. ఒక్కోసారి ఇవే లాటిన్‌లోకి ఎక్కుతాయి. కోతులు తవ్వుకుని తినే ఒక చిన్న దుంపను డచ్చివాళ్లు బబూన్ పేరుతో పిలిచారు, శాస్త్రవేత్తలు దాన్నే బాబియానా చేశారు.

ఊరి పేర్లను నమ్మేముందు ఆగండి

సొంత పేరులో ఊరు కనబడితే అది నిజమని అనుకోవద్దు. అరమ్ లిల్లీ పూర్తి పేరు జాంటెడెస్కియా ఈథియోపికా. ఇథియోపియాతో దానికి సంబంధం లేదు. పాత గ్రీకులకు ఈజిప్టుకు దక్షిణాన ఉన్నదంతా ఈథియోపియానే. నెరీన్ సార్నియెన్సిస్‌లో సార్నియా అంటే ఇంగ్లిష్ ఛానల్‌లోని గర్న్‌సీ దీవి. జపాన్ నుంచి వస్తూ మునిగిన ఓడలోంచి దుంపలు ఆ దీవికి కొట్టుకొచ్చాయని చాలాకాలం నమ్మారు. 1770లలో ఫ్రాన్సిస్ మాసన్ అనే మొక్కల సేకర్త టేబుల్ మౌంటెన్ మీద అది సహజంగా పెరుగుతుండగా చూశాక అసలు ఊరు తేలింది. పేరు మాత్రం దీవిదే మిగిలిపోయింది.

పాత పుస్తకాల్లో గ్లాడియోలస్ నటాలెన్సిస్ అని ఉంటుంది, ఇప్పుడు గ్లాడియోలస్ డాలెనియై అంటున్నారు. గ్లాడియోలస్ అంటే చిన్న కత్తి, ఆకు చూస్తే తెలుస్తుంది. నటాల్ అనేది పోర్చుగీసులో క్రిస్మస్. 1497లో వాస్కో డ గామా మన దేశానికి వస్తూ పండుగ వేళకు ఆ తీరం పక్కగా వెళ్లాడు, అలా ఆ పేరు. మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది ఆ నటాల్‌కే. ఆ తర్వాత చెరకు తోటలకు వెళ్లినవారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1931లో వాళ్లు అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. డర్బన్‌లో మీకు బంధువులుంటే ఈ కొండలు వాళ్లకు సెలవుల్లో వెళ్లే కొండలే.

ఒక పేరును మాత్రం కొట్టేసి రాసుకోవాలి. కింది వాలుల్లో కనిపించే ప్రోటియాను పుస్తకాలు ప్రోటియా కాఫ్రా అంటాయి. ఆ రెండో మాటకు మూలం అవిశ్వాసి అనే అర్థమున్న అరబ్బీ మాట. దక్షిణాఫ్రికాలో అది నల్లవాళ్ల మీద వాడిన అతి నీచమైన తిట్టు అయింది. 2024 జూలైలో మాడ్రిడ్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో 351–205 ఓట్లతో ఆ మాటను ‘ఆఫ్రా’గా మార్చారు, ఆఫ్రికాది అని. రెండు వందలకు పైగా పేర్లు ఒక్కసారిగా మారాయి. కాబట్టి మీ నోటుపుస్తకంలో ప్రోటియా ఆఫ్రా అని రాయండి. పాత పుస్తకం చేతిలో ఉన్న తోటి నడకరికి కూడా చెప్పండి. అది చిన్న అక్షరం మార్పులా కనిపిస్తుంది గానీ, ఆ తిట్టు తిన్న మనిషి మీ పక్కనే గైడుగా నడుస్తుండవచ్చు.

ఒక పువ్వుకు ఒక పేజీ

పూలు కోయకండి, దుంపలు తవ్వకండి. రక్షిత ప్రాంతాల్లో అది నేరం. సుడి కలబంద లాంటివి దొంగతనాల వల్ల తరిగిపోయాయి, అందుకే అడవి నుంచి తెచ్చినవాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. అరుదైన మొక్క ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పంచుకునే ముందు ఫోన్‌లో లొకేషన్ ఆపేయండి.

పేజీ ఇలా రాయండి. పైన తేదీ, చోటు, ఎత్తు. కింద మీరు స్వయంగా చూసిన నాలుగు సంగతులు. దాని కింద లాటిన్ పేరు, విరిచిన ముక్కలు, ఆ మనిషో ఊరో ఎవరో. ఆ తర్వాత స్థానిక పేర్లు, తెలుగు లిపిలోనే, చప్పుడు వచ్చే చోట చిన్న చుక్క పెట్టి. నా పేజీల్లో ఒకటి: ‘సానీ పైన, ఊట పక్కన బురద. కంకి కింద పసుపు, పైన పగడపు ఎరుపు. ఆకు బూడిదరంగు పచ్చ. వాసన లేదు. పిట్ట ఒకటి వచ్చి తేనె తాగింది. క్నిఫోఫియా కాలెసెన్స్: ఎర్‌ఫుర్ట్ ప్రొఫెసరు, కాండం ఉన్నది. జులూ ఇ•కా•కానే. సెసోతో లెలొయెలె.’

చివరి వరుస కొండ దిగేలోపే పూర్తిచేయండి. గైడు వెళ్లిపోయాక ఆ చుక్కలు ఎక్కడ పెట్టాలో గుర్తుండదు. ఆయన అనుమతి అడిగి, పేరును రెండుసార్లు నెమ్మదిగా పలికించి ఫోన్‌లో రికార్డు చేసుకోండి, తర్వాత మీరు పలికి ఆయనకు వినిపించండి.